సముద్రం లేని జిల్లాల్లో తుపాను లెక్క

అమెరికాలో హరికేన్ వచ్చిందంటే మన ఫోన్లలో ముందు కనిపించేది డాలర్ల నంబరే. 2005 కత్రినా, 125 బిలియన్లు. 2017 హార్వీ, మళ్లీ 125 బిలియన్లు. హరికేన్ అన్నా తుపాను అన్నా ఒకటే, పుట్టిన సముద్రాన్ని బట్టి పేరు మారుతుంది, అంతే. నా డౌట్ ఏంటంటే, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకి సముద్రమే లేదు కదా. మరి మన నష్టం ఏ లెక్కలోకి వస్తుంది?

ముందు తీరం సంగతి చూద్దాం. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. నీళ్లు అయిదు మీటర్లకు పైగా లేచాయి. దాదాపు 10,000 మంది పోయారని ప్రభుత్వ లెక్కే చెప్తుంది. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుపాను మళ్లీ కృష్ణా డెల్టా వైపే వచ్చింది. ఈసారి చనిపోయింది 967 మంది. మధ్యలో పదమూడేళ్లు. ఆ టైమ్‌లో ఇన్సాట్ ఉపగ్రహం పైకి వెళ్లింది, తీరంలో తుపాను షెల్టర్లు లేచాయి, జనాన్ని ముందే ఖాళీ చేయించడం నేర్చుకున్నారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు అరవై దాకా. నష్టం అంచనా మాత్రం 21 వేల కోట్లు దాటింది. ఎందుకంటే అది కొట్టింది విశాఖపట్నాన్ని. ఎయిర్‌పోర్ట్, ఫ్యాక్టరీలు, కరెంటు టవర్లు, అన్నిటికీ రేటు ఉంది. అంటే కోట్ల నంబరు చెప్పేది తుపాను బలం గురించి కాదు, దాని దారిలో ఎంత ఖరీదైన సామాను ఉందన్న దాని గురించి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. తుపాను తీరం దాటాక గాలి తగ్గుతుంది, టీవీ వాళ్లు కెమెరాలు సర్దుకుంటారు. వాన మాత్రం లోపలికి నడుచుకుంటూ వస్తుంది. హార్వీ కూడా హ్యూస్టన్‌ని ముంచింది వానతోనే.

2023 జూలైలో వచ్చినదానికైతే పేరు కూడా లేదు. ఉత్త అల్పపీడనం. 26 పొద్దున నుంచి 27 పొద్దున దాకా భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో ఏడాది మొత్తం సగటు వాన 900 చిల్లర. నాకు కాలిక్యులేటర్ పిచ్చి, మీకు తెలుసు కదా. ఒక్క ఎకరం మీద పడ్డ నీళ్లు దాదాపు 25 లక్షల లీటర్లు. మన వీధిలోకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు 500 అన్నమాట. ఒక ఎకరానికి!

ఆ రాత్రి మోరంచవాగు మోరంచపల్లి మీదికి వచ్చింది. జనం ఇండ్ల పైకెక్కి తెల్లారేదాకా, తెల్లారినాక కూడా, అక్కడే కూర్చున్నారు. నలుగురు కొట్టుకుపోయారు. చిట్యాల మండలం నైన్‌పాకలో జేసీబీ మీద చిక్కుకున్న ఆరుగురిని వైమానిక దళం హెలికాప్టర్ తీసుకొచ్చింది. తీరంలో ఉన్నట్టు షెల్టర్ ఉందా ఆ ఊర్లో? లేదు. దివిసీమ నేర్పిన పాఠం బందరు దాకా వెళ్లింది, మోరంచవాగు దాకా రాలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

తర్వాత ఏడాది 2024 సెప్టెంబర్ 1. ఆ వాయుగుండం తీరం దాటింది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర. ఎక్కడి కళింగపట్నం, ఎక్కడి మానుకోట! కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ వీడియో మీరందరూ ఫార్వర్డ్ చేసే ఉంటారు. మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి తండ్రీకూతుళ్లు చనిపోయారు. రైళ్లు 4వ తేదీకి మళ్లీ కదిలాయి.

రాష్ట్రం మొత్తం నష్టం 5,438 కోట్లని ప్రభుత్వం మొదట అంచనా వేసింది. పరిహారం రేట్లు కూడా పెంచింది. మనిషి పోతే 4 లక్షల నుంచి 5 లక్షలు. బర్రెకి 30 వేల నుంచి 50 వేలు. గొర్రెకి 3 వేల నుంచి 5 వేలు. పంటకి ఎకరాకి 10 వేలు. పెంచడం మంచిదే, నేను కాదనను. కానీ ఎకరం మీద ఇసుక మేట వేస్తే, అది తీసేదాకా పైపంట కూడా పోయినట్టే. కౌలుకి పట్టిన మనిషి పేరు పాస్‌బుక్కులో ఉండదు, అప్పు మాత్రం ఆయన పేరు మీదే ఉంటుంది. ఆ ఎకరం విశాఖ ఎయిర్‌పోర్ట్ కప్పు పక్కన నిలబడితే కోట్ల లెక్కలో కనిపించను కూడా కనిపించదు.

2025 అక్టోబర్‌లో మొంథా వచ్చింది. 28 రాత్రి ఆంధ్ర తీరం దాటింది, 29న మన మీద ఉంది. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు మునిగి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. సరిగ్గా వరి కోతల టైమ్ అది. జనగామ వైపు పోతే తెలుస్తుంది, ఆ రోజుల్లో వడ్లు కల్లాల్లో, ఐకేపీ సెంటర్ల ముందర, రోడ్డు పక్కన కుప్పలుగా ఉంటాయి. తడిస్తే తేమ ఎక్కువైంది అంటారు, మొలకొస్తే కొనమంటారు. టార్పాలిన్ కిరాయి, ఆరబోసే కూలీ మళ్లీ రైతు మీదే. ఇంట్లోంచి వెళ్లిన ఆ డబ్బుకి ఏ అధికారీ పంచనామా రాయడు.

మీ ఊరి చెరువు కట్ట ఏ ఏడాది తెగింది, అప్పుడు ఎవరు ఏం పోగొట్టుకున్నారు? ఇంట్లో తాతనో నానమ్మనో అడిగి ఊరి పేరుతో సహా నాకు పంపండి. వచ్చే ఎపిసోడ్ వాటితోనే చేస్తా.