హైదరాబాద్ సంస్థానంలో రాజ్యాంగ పాలన

హైదరాబాద్ సంస్థానంలో రాజ్యాంగ పాలన 1892–93 నాటి ఖానూన్చా ముబారక్‌తో మొదలై, 1952 ఎన్నికలతో పూర్తి రూపానికి వచ్చింది. మధ్యలోని అరవై ఏళ్లలో ముఖ్యమైన మార్పులు చాలావరకు నిజాం ఫర్మానాలుగానే, అంటే రాజాజ్ఞలుగానే, వెలువడ్డాయి. జనం అడిగింది వేరు, ఫర్మానాల్లో దక్కింది వేరు.

ఈ చరిత్ర జాడ ఒకటి అమీర్‌పేట, పంజాగుట్టలకు పక్కనే ఉన్న బేగంపేటలో నిలిచి ఉంది. అదే పైగా ప్యాలెస్. దాన్ని కట్టించిన వికారుల్ ఉమ్రా 1901 దాకా సంస్థానానికి ప్రధానమంత్రి. ఫలక్‌నుమా కట్టించిందీ ఆయనే. 2008లో ఈ ప్యాలెస్‌లోకి అమెరికా కాన్సులేట్ వచ్చింది, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు తరలిపోయింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకున్న కుర్రకారు ఎందరో వీసా కోసం ఈ ప్యాలెస్ గేటు ముందే బారులు తీరారు. రాజును కాదనుకుని రాజ్యాంగం రాసుకున్న దేశానికి, రాజు చెప్పిన మేరకే పాలించిన ప్రధాని ఇల్లు కార్యాలయం అయింది.

అమెరికా కథ క్లుప్తంగా ఇది. 1776లో పదమూడు వలసలు బ్రిటిష్ రాజును తోసిపుచ్చాయి. 1781లో అమల్లోకి వచ్చిన సమాఖ్య ఒడంబడిక కింద కేంద్రానికి పన్ను వేసే అధికారమే లేదు. అప్పుల్లో మునిగిన మసాచుసెట్స్ రైతులు 1786లో తిరగబడ్డారు. ఆ బలహీనత కళ్లకు కట్టిన మరుసటి ఏడాదే ఫిలడెల్ఫియాలో ప్రతినిధులు సమావేశమై కొత్త రాజ్యాంగం రాశారు. 1787 సెప్టెంబర్ 17న 39 మంది సంతకాలు చేశారు. అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. రాష్ట్రాల్లో ఇందుకోసమే ఎన్నికైన సభలు దాన్ని చర్చించి ఆమోదించాయి. 1788 జూన్ 21న న్యూ హాంప్‌షైర్ ఆమోదంతో కావలసిన తొమ్మిది రాష్ట్రాలూ పూర్తయ్యాయి. 1791లో హక్కుల పత్రం చేరింది. బానిసలకూ స్త్రీలకూ ఇందులో చోటు లేకపోవడం ఆ రాజ్యాంగానికి పుట్టుకతో వచ్చిన మచ్చ. అయినా అధికారం జనం నుంచి వస్తుందన్న సూత్రం అక్కడ మొదటి రోజునే కాగితం మీదికి ఎక్కింది.

హైదరాబాద్‌లో ఆ సూత్రమే అందరికంటే ఆలస్యంగా వచ్చిన అతిథి. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి జిల్లాలు, శాఖలు, కోర్టులు ఏర్పరిచి పాలనకు పద్ధతి నేర్పాడు. కానీ అది పాలనా సంస్కరణే తప్ప హక్కుల ఊసు కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జారీ చేసిన ఖానూన్చా ముబారక్ మంత్రిమండలిని ఏర్పరిచింది. శాసనమండలి కూడా ఆ కాలంలోనే పుట్టింది. చట్టం చేయడానికి ఒక సభ ఉండాలని ఒప్పుకోవడమే అప్పటికి పెద్ద అడుగు. చివరి మాట మాత్రం నిజాందే.

ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1919లో సర్ అలీ ఇమామ్ అధ్యక్షతన కార్యనిర్వాహక మండలిని ఏర్పాటు చేశాడు. 1921లో న్యాయశాఖను పాలనాశాఖ నుంచి వేరు చేశాడు. బ్రిటిష్ ఇండియాలో కాంగ్రెస్ వారు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నా దొరకని సంస్కరణ ఇది. దీనికి నిజాంకు దక్కాల్సిన పేరు దక్కాలి. అదే రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే మాత్రం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవాలి. ఈ కట్టుబాట్ల మధ్యే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది.

1937లో దివాన్ బహదూర్ అరవముదు అయ్యంగార్ అధ్యక్షతన రాజ్యాంగ సంస్కరణల సంఘం ఏర్పడింది. దాని సిఫారసుల మీద 1939లో ప్రకటించిన పథకంలో శాసనసభకు 85 మంది సభ్యులు, వారిలో ఎన్నికయ్యేది 42 మంది. నియోజకవర్గాలు ఊళ్ల వారీగా కాక వృత్తుల వారీగా ఉంటాయి. మంత్రులు సభకు జవాబుదారీ కారు. జనాభాలో అత్యధికులు హిందువులైనా ఎన్నికయ్యే స్థానాలు హిందూ ముస్లింలకు సమంగా పంచారు. అంతకుముందే, 1938లో, హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను అది పుట్టకముందే నిషేధించారు. బాధ్యతాయుత ప్రభుత్వం అడుగుతున్న సంస్థను మూసేసి, జవాబుదారీతనం లేని సభను ఇవ్వజూపడం సంస్కరణ అనిపించుకోదు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల పథకం వాయిదా పడి, 1946లో ఎన్నికలు జరిగితే స్టేట్ కాంగ్రెస్ బహిష్కరించింది.

1947 నవంబర్ 29న నిజాంకూ స్వతంత్ర భారతదేశానికీ మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 13న మొదలైన భారత సైన్యపు పోలీసు చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నర్ అయ్యాడు. 1949 నవంబర్ 23న ఉస్మాన్ అలీ ఖాన్ మరో ఫర్మానా జారీ చేసి, భారత రాజ్యాంగమే హైదరాబాద్‌కూ రాజ్యాంగమని ప్రకటించాడు. సంస్థాన ప్రజల సొంత రాజ్యాంగ సభ దీన్ని ధ్రువీకరించాలన్న మాట అందులో ఉంది. ఆ సభ ఎన్నడూ ఏర్పడలేదు. అమెరికా రాష్ట్రాల్లో ఊరూరా వాదులాడుకుని తేల్చుకున్న విషయం ఇక్కడ ఒక సంతకంతో తేలిపోయింది.

1950 జనవరి 26న నిజాం రాజప్రముఖ్, అంటే రాష్ట్రాధిపతి, అయ్యాడు, ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యాడు. ప్రాథమిక హక్కులు, చట్టాలను కొట్టివేయగల కోర్టులు ఆ రోజు నుంచే హైదరాబాదీలకు దక్కాయి. రాజ్యాంగ కర్తలు ఈ రెండింటికీ అమెరికా అనుభవాన్ని దగ్గరగా చూశారు. 1952 ఎన్నికల్లో వయోజనులందరికీ ఓటు హక్కు దక్కి, జనం శాసనసభకు 175 మంది సభ్యులను ఎన్నుకున్నారు. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులు ప్రజాస్వామ్య కూటమి పేరుతో పోటీ చేసి ప్రధాన ప్రతిపక్షంగా నిలిచారు. బూర్గుల రామకృష్ణారావు మార్చి 6న ముఖ్యమంత్రి అయ్యారు. సంస్థాన ప్రజలకు జవాబుదారీ అయిన మొదటి మంత్రివర్గం అదే. 1956 నవంబర్ 1న రాష్ట్రం మూడు ముక్కలై ఆంధ్రప్రదేశ్, బొంబాయి, మైసూరు రాష్ట్రాల్లో కలిసింది. దాంతో రాజప్రముఖ్ పదవీ రద్దయింది.