డీజిల్ ఇంజను ఉండుండి ఆగిపోవడం

నడుస్తున్న డీజిల్ వాహనంలో ఇంజను హఠాత్తుగా ఆగిపోయి, కొంతసేపటికి ఏ మరమ్మతూ చేయకుండానే తిరిగి స్టార్టు కావడాన్ని ఉండుండి ఆగిపోయే దోషం అనవచ్చు. యాంత్రిక ఇంజెక్షన్ పంపు గల పాత వాహనాలలో ఇది తరచుగా కనిపిస్తుంది. వాహనం మెకానిక్కు వద్దకు చేరేసరికి ఇంజను సక్రమంగా నడుస్తూ ఉంటుంది కనుక కారణం కనిపెట్టడం కష్టం. ఊహ మీద ఒక్కొక్క భాగాన్నీ మారుస్తూ పోతే ఖర్చు పెరుగుతుందే గాని దోషం అలాగే ఉండిపోవచ్చు. ఇంజను ఏ తీరుగా ఆగింది, ఏ పరిస్థితిలో ఆగింది, ఎంతసేపటికి మళ్ళీ నడిచింది అనే విషయాలే నిర్ధారణకు ముఖ్యమైన ఆధారాలు.

ప్రమాదం

ఈ దోషాన్ని చిన్న అసౌకర్యంగా భావించరాదు. డీజిల్ కార్లు, జీపులలో బ్రేకులకు సాయపడే శూన్య పీడనాన్ని సాధారణంగా ఇంజనుతో తిరిగే చిన్న పంపు కల్పిస్తుంది. ఇంజను ఆగిన తరువాత నిలువ ఉన్న శూన్యం కొద్దిసార్లు బ్రేకు వేయడానికే సరిపోతుంది. ఆ తరువాత పెడలును చాలా బలంగా తొక్కవలసి వస్తుంది. పవర్ స్టీరింగు ఉన్న వాహనంలో స్టీరింగు బిగుసుకున్నట్లవుతుంది. వాహనం కదులుతుండగా తాళంచెవి బయటకు తీస్తే స్టీరింగుకు తాళం పడే అవకాశం ఉంది. రైల్వే గేటు మీద గాని, ఘాటు రోడ్డు మలుపులో గాని ఇంజను ఆగితే ఏమి జరుగుతుందో చెప్పనక్కరలేదు.

ఇంధన మార్గం

జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన ఈ తరహా ఇంజను 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో విజయవంతంగా నడిచింది. ఇందులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలి అధికంగా నొక్కబడి వేడెక్కగా, దానిలోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే మండుతుంది. అందుచేత పాత డీజిల్ ఇంజను ఒకసారి స్టార్టయితే దానికి గాలి, డీజిల్ అందితే చాలు. గాలి ఫిల్టరు పూడుకుపోతే నల్లని పొగ వచ్చి శక్తి తగ్గుతుంది గాని, ఇంజను ఉండుండి ఆగడం అరుదు. కాబట్టి మొదటి అనుమానం ఇంధన మార్గం మీదనే ఉండాలి.

ట్యాంకులోని జల్లెడ, గొట్టాలు, ఫీడ్ పంపు, ఫిల్టరు, ఇంజెక్షన్ పంపు, నాజిళ్ళు ఈ మార్గంలోని భాగాలు. మిగిలిన డీజిల్ మరొక గొట్టం ద్వారా ట్యాంకుకు తిరిగి చేరుతుంది. బాష్ సంస్థ 1927లో ఇంజెక్షన్ పంపుల ఉత్పత్తి మొదలుపెట్టింది. భారతదేశంలో 1951లో బెంగళూరులో స్థాపితమైన మైకో సంస్థ వీటికి ప్రసిద్ధి చెందింది. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది.

ఆగే తీరు

తాళంచెవి తిప్పి ఆపినట్లు ఇంజను ఒక్కసారిగా ఆగితే విద్యుత్ లోపాన్ని అనుమానించాలి. తడబడుతూ, వేగం హెచ్చుతగ్గులవుతూ, శక్తి సన్నగిల్లి ఆగితే డీజిల్ చాలినంత అందడం లేదని గాని, దానితో గాలి కలుస్తోందని గాని అర్థం. ఈ తేడాను గమనించగలిగినవాడు నడిపే డ్రైవరే. అందువల్ల మెకానిక్కు పానా పట్టుకునే ముందు డ్రైవరును వివరంగా ప్రశ్నించడం మంచిది.

స్టాప్ సాలెనాయిడ్

బాష్ వీఈ వంటి రోటరీ పంపుల తల మీద ఒక విద్యుదయస్కాంత కవాటం ఉంటుంది. తాళంచెవి తిప్పి ఉన్నంతసేపు దీనికి విద్యుత్ అంది డీజిల్ దారి తెరచి ఉంటుంది. విద్యుత్ ఆగగానే లోపలి స్ప్రింగు దారిని మూసివేస్తుంది. వదులైన వైరు, కాలిన ఫ్యూజు పట్టీ, అరిగిన ఇగ్నిషన్ స్విచ్, దొంగతనం జరగకుండా తరువాత బిగించిన అలారం పెట్టె – వీటిలో ఏది క్షణకాలం తప్పినా ఇంజను ఆగిపోతుంది.

దీనిని పట్టుకోవడానికి చవకైన పద్ధతి ఒకటి ఉంది. సాలెనాయిడ్ మొన నుండి పొడవైన వైరు తీసి డ్రైవరు ముందు చిన్న బల్బు అమర్చాలి. ఇంజను ఆగే క్షణంలో బల్బు కూడా ఆరితే లోపం వైర్లలో ఉన్నట్లు. బల్బు వెలుగుతూ ఉండగానే ఇంజను ఆగితే సాలెనాయిడ్‌నో, ఇంధన మార్గాన్నో చూడాలి. లారీలు, ట్రాక్టర్లలోని అనేక ఇన్‌లైన్ పంపులకు ఈ సాలెనాయిడ్ ఉండదు; వాటిని లాగి ఆపే తీగతో ఆపుతారు. అటువంటి ఇంజను బ్యాటరీ తీసివేసినా నడుస్తుంది.

గాలి చొరబడడం

ట్యాంకు నుండి ఫీడ్ పంపు వరకు గొట్టంలో డీజిల్ పీల్చబడుతుంది. ఈ భాగంలో సందు ఉంటే, ఇంజను నడిచేటప్పుడు డీజిల్ బయటకు కారదు. గాలి లోపలికి పోతుంది. పైకి తడి కనిపించకపోవడం వల్లనే ఈ లోపం చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఇంజెక్షన్ పంపుకు ముందు జానెడు పారదర్శక గొట్టం తాత్కాలికంగా అమర్చి చూస్తే బుడగలు కనిపిస్తాయి. బిగించే క్లిప్పులు, బీటలు వారిన రబ్బరు గొట్టాలు, ఫిల్టరు వాషరు సాధారణంగా గాలి చొరబడే చోట్లు. 1993లో అమెరికాలో గంధకం తగ్గించిన డీజిల్ వచ్చినపుడు కొన్ని పాత వాహనాలలో రబ్బరు సీళ్ళు కుంచించుకుపోయి లీకులు ఏర్పడ్డాయి.

ట్యాంకు

తుప్పు పెళ్ళ, ఆకు, గుడ్డ పీలిక వంటిది పీల్చే గొట్టం మూతికి అంటుకుంటే ఇంజను ఆగుతుంది. ఆగగానే పీల్పు పోయి అది కిందికి జారుతుంది. కొన్ని నిమిషాలలో ఇంజను ఏమీ జరగనట్లు స్టార్టవుతుంది. మూతకు ఉండే గాలి రంధ్రం పూడుకుపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఆగిన వెంటనే మూత తీసినపుడు బుస్సుమని గాలి లోపలికి పోతే ఆ రంధ్రాన్ని శుభ్రం చేస్తే సరిపోతుంది. ట్యాంకు సగానికి తగ్గిన తరువాతే ఆగుతుంటే లోపలి గొట్టానికి చిల్లు పడి ఉండవచ్చు. డీజిల్ అడుగున చేరిన నీటి వద్ద సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు తయారవుతుంది. ఇది ఫిల్టరును మాటిమాటికీ పూడ్చివేస్తుంది.

అనుమానం తీరకపోతే ట్యాంకును పక్కన పెట్టి, శుభ్రమైన డీజిల్ ఉన్న డబ్బా నుండి ఇంజనుకు నేరుగా గొట్టం ఇచ్చి నడపాలి. దోషం పోతే అది వెనుక భాగంలో ఉన్నట్లే.

వేడి, చలి

అరిగిన రోటరీ పంపులో వేడికి పలుచబడిన డీజిల్ లోలోపలే జారిపోతుంది. అటువంటి ఇంజను చల్లగా ఉన్నపుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగి, చల్లారేవరకు స్టార్టు కాదు. తీవ్రమైన చలిలో డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టరును మూసివేస్తుంది. దీని నివారణకే ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో లడఖ్ ప్రాంతానికి మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేసే శీతాకాలపు డీజిల్‌ను ప్రవేశపెట్టింది. తెలుగు ప్రాంతాలలో ఈ కారణాన్ని వెదకనవసరం లేదు.

గాలి తీయడం

గొట్టం గాని ఫిల్టరు గాని విప్పిన తరువాత మార్గంలో నిలిచిన గాలిని తీయాలి. ఫిల్టరు మీది స్క్రూను వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేవరకు చేతిపంపు నొక్కి, డీజిల్ కారుతుండగానే స్క్రూ బిగిస్తారు. నాజిల్ వద్ద చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. గాయం సూదిపోటంత కనిపించినా వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి. ఎలక్ట్రానిక్ నియంత్రణ గల కామన్ రైల్ ఇంజన్లలో పీడనం మరెన్నో రెట్లు ఎక్కువ కాబట్టి నడుస్తుండగా నాజిల్ నట్లు వదులు చేసి పరీక్షించే పాత పద్ధతిని వాటికి వాడకూడదు.