కాగితపు పిస్తోలు, అరబ్బీ గొంతు

'ప్రోగ్రెసివ్' అనే మాటకు మన సాహిత్యంలో ఒక అర్థం ఉంది. పాశ్చాత్య రాక్ సంగీతంలో అదే మాటకు మరో అర్థం ఉంది. మనకు అది వస్తువుకు సంబంధించిన మాట. రచయిత ఎవరి పక్షాన నిలబడ్డాడన్నదే దాని గీటురాయి. వాళ్లకు అది ప్రధానంగా రూపానికి సంబంధించినది. మూడు నిమిషాల పాట చట్రాన్ని బద్దలుకొట్టి, జాజ్ నుంచీ శాస్త్రీయ సంగీతం నుంచీ తెచ్చుకున్న సుదీర్ఘ నిర్మాణాలకు ఇంగ్లండులో 1960ల చివర ఆ పేరు వచ్చింది. పేరున్న బృందాలను పెద్ద కంపెనీలే అమ్ముకున్నాయి: పింక్ ఫ్లాయిడ్‌ను ఇ.ఎమ్.ఐ., యెస్‌ను అట్లాంటిక్. ఈ రెండు అర్థాలూ ఒకచోట కలిసి ఢీకొన్న సందర్భం ఒకటుంది. అది 1973లో ఇటలీలో వెలువడిన ఏరియా బృందం తొలి ఆల్బమ్ 'ఆర్బైట్ మాఖ్ట్ ఫ్రై'.

నేను దీన్ని 1980ల చివర ఒక మిత్రుడి గదిలో, అరిగిపోయిన కాసెట్ మీద విన్నాను. ఆ వారమే మా అధ్యయన బృందంలో లేచి, "ఇది పెటీబూర్జువా శిల్పవాదం, శ్రామికుడికి అర్థంకాని గొడవ" అని తీర్పు చెప్పాను. ఎవరూ కాదనలేదు. ఎవరూ కాదనకపోవడమే నా తీర్పుకు బలమనుకున్నాను. ఆ తీర్పులో సగం తప్పని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఏ సగం తప్పో చెప్పాలంటే ముందు చరిత్ర చెప్పాలి.

1969 శరత్కాలంలో ఉత్తర ఇటలీ కర్మాగారాలు సమ్మెలతో అట్టుడికాయి. టూరిన్‌లో ఫియట్, మిలాన్‌లో పిరెల్లీ కార్మికులు ముందువరసలో నిలిచారు. అదే ఏడాది డిసెంబరు 12న మిలాన్‌లో పియాజ్జా ఫోంతానా దగ్గరి బ్యాంకులో బాంబు పేలి 17 మంది చనిపోయారు. పోలీసులు మొదట అరాచకవాదుల మీద నేరం మోపారు; అది నయా ఫాసిస్టుల పని అని తరువాత తేలింది. 1970లో కార్మిక హక్కుల చట్టం వచ్చింది. 1973 మార్చిలో ఫియట్ మీరాఫియోరి కర్మాగారాన్ని కార్మికులు ఆక్రమించారు. ఏరియా ఆల్బమ్ ఆ సంవత్సరపు బిడ్డ.

బృందం మిలాన్‌లో 1972లో ఏర్పడింది. గాయకుడు డెమెట్రియో స్ట్రాటోస్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో 1945లో గ్రీకు తల్లిదండ్రులకు పుట్టి, సైప్రస్ మీదుగా మిలాన్ చేరినవాడు. డ్రమ్స్ జూలియో కాపియోజ్జో, పియానో పాత్రిజియో ఫారిజెల్లి, గిటారు పావోలో తోఫాని, బేస్ గిటారు పాట్రిక్ జివాస్, శాక్సఫోన్ బుస్నెల్లో. ప్రచురించింది క్రాంప్స్ అనే చిన్న స్వతంత్ర సంస్థ. దాని స్థాపకుడు జాన్ని సాస్సి. వాణిజ్య ప్రకటనల రంగంలోనూ గ్రాఫిక్ కళలోనూ ఆరితేరిన సాస్సి, 'ఫ్రాంకెన్‌స్టైన్' అనే మారుపేరుతో ఈ పాటల మాటలు కూడా తానే రాశాడు.

ఆల్బమ్ పేరుకు అర్థం 'శ్రమ స్వేచ్ఛనిస్తుంది'. ఆష్విట్జ్ మొదలైన నాజీ నిర్బంధ శిబిరాల ద్వారాల మీద రాసిన మాట అది. దినదిన దారిద్ర్యం, దినదిన విధేయత మనిషిని ఆ ద్వారం వైపే నెడుతున్నాయని శీర్షికా గీతం చెబుతుంది. తొలి ముద్రణతో పాటు అట్టతో చేసిన ఒక పిస్తోలు బొమ్మను కొనుగోలుదారుకు అందించారు. నేను ఆనాడు పిస్తోలు సంగతి విని, పేరు చూసి తీర్పు చెప్పాను. మొదటి పాట మొదటి నిమిషాన్ని సరిగా వినలేదు.

ఆ మొదటి పాట పేరు 'జూలై, ఆగస్టు, సెప్టెంబరు (నలుపు)'. 1970 సెప్టెంబరులో జోర్డాన్ సైన్యం పాలస్తీనా సంస్థలపై సాగించిన దాడిని ఆ నలుపు గుర్తుచేస్తుంది. ఆ నెల పేరే పెట్టుకున్న సంస్థ 1972లో మ్యూనిక్‌లో 11 మంది ఇజ్రాయెల్ క్రీడా బృంద సభ్యుల మరణానికి కారణమయింది. ఇంత బరువైన పేరున్న పాట తుపాకీ మోతతో మొదలవుతుందనుకుంటాం. కాదు. వాద్యమేదీ లేకుండా ఒక స్త్రీ గొంతు అరబ్బీలో మాట్లాడుతుంది. కోపాన్నీ, బాధనూ, ఆయుధాలనూ వదిలి, బతకడానికి రమ్మని ప్రియుణ్ణి పిలుస్తుంది. చేతికి కాగితపు పిస్తోలు, చెవికి ఆయుధం దించమనే పిలుపు! ఈ వైరుధ్యాన్ని ఆల్బమ్ పరిష్కరించదు. వినేవాడి చేతిలో పెట్టి వెళ్లిపోతుంది.

ఆ గొంతు ఆగగానే బాల్కన్ జానపద బాణీ దూకుతుంది. నేను 'శిల్పవాదం' అన్నది ఈ లయనే. బాల్కన్ పల్లె నృత్యాల్లో ఏడు, తొమ్మిది, పదకొండు లెక్కల లయలు సర్వసాధారణం. గ్రీకుల కలమత్యానోస్ నృత్యం ఏడు లెక్కలది. మన మిశ్రచాపు ఎరిగిన చెవికి అది పరాయిది కాదు. నాలుగు లెక్కల రాక్‌కు అలవాటుపడిన శ్రోతకు గజిబిజిగా వినిపించింది నిజానికి రైతుల అడుగు. నేను మేధావుల కసరత్తు అనుకున్నది జనం సొత్తు. స్ట్రాటోస్ గొంతులో మధ్యధరా తీరపు వలసల చరిత్ర ఉంది. 'స్మిర్నాకు 240 కిలోమీటర్లు' అనే మాటలులేని రచన పేరు చూసినప్పుడు, 1922లో తగలబడి గ్రీకులు తరిమివేయబడిన ఆ నగరం నాకు గుర్తొస్తుంది. ఇక్కడ రూపమే వస్తువు.

నా తీర్పులో తప్పుకాని సగం కూడా ఉంది. కర్మాగారాన్నీ మృత్యుశిబిరాన్నీ ఒకే ద్వారం కింద నిలబెట్టడం చరిత్రకు న్యాయం కాదు. కర్మాగారం శ్రమను దోచుకుంటుంది. శిబిరంలో శ్రమ చంపే సాధనం. శిబిరంలో ఆ అక్షరాలను కళ్లారా చూసి బతికి వచ్చిన ప్రీమో లేవి ఆనాడు టూరిన్‌లోనే ఉన్నాడు. తన పనిని ప్రేమించే కార్మికుణ్ణి నాయకుడిగా చేసి 1978లో ఒక పుస్తకం రాశాడు. ఆ తేడా లేవికి తెలుసు. ప్రకటనలు రాసిన చేతికి మాత్రం ఒక్క నినాదంతో దిగ్భ్రాంతి కలిగించడమే తెలుసు. పిస్తోలూ అలాంటిదే. కొద్ది ఏళ్లలో ఇటలీ వీధుల్లో నిజమైన పిస్తోళ్లు పేలాయి; 1978 మేలో ఆల్డో మోరో హత్యతో కార్మికోద్యమమే ఆత్మరక్షణలో పడింది. దానికి ఒక అట్టబొమ్మ కారణమని అనను. ప్రతీకకు బాధ్యత ఉండదని కూడా అనలేను.

తరువాత బృందం అంతర్జాతీయ గీతాన్ని వాయించింది, 1976లో మిలాన్ లాంబ్రో పార్కు యువజనోత్సవంలో పాల్గొంది. స్ట్రాటోస్ 1979 జూన్ 13న న్యూయార్కులో రక్తవ్యాధితో చనిపోయాడు. ఆయన చికిత్స కోసం తలపెట్టిన కచేరీ మర్నాడు మిలాన్‌లో సంస్మరణ సభగా జరిగింది.

కష్టమైన రూపం చూడగానే జనానికి దూరమని తేల్చే అలవాటు మన విమర్శలో ఇంకా ఉంది. నాలోనూ ఉంది. ఆ రూపం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి కాళ్లు దాన్ని ముందుగా తొక్కాయో అడగాలి. తేలికైన నినాదం కనబడ్డప్పుడు కూడా అంతే అనుమానంతో అడగాలి. ఈ ఆల్బమ్‌లో కష్టంగా ఉన్నది నిజాయితీగా నిలిచింది, తేలికగా ఉన్నదే తడబడింది. ఆనాటి సమావేశంలో నేను దీన్ని తలకిందులుగా చెప్పాను.