యంత్రములోని గడియారముల వంశవృక్షము

గడియారమనగానే ముల్లులు తిరుగు పలక మనకు జ్ఞప్తికి వచ్చును. గణనయంత్రపు చిప్పులోని గడియారమునకు ముల్లులు లేవు. అది కాలమును చెప్పదు, తాళము వేయును. భజనలో తాళము తప్పిన పాట చెడినట్లే, ఈ తాళమందని భాగము కదలదు.

ఒక చిప్పు ప్రక్కనున్న స్ఫటికము సెకనుకు 2 కోట్ల 40 లక్షల మారులు కంపించుచున్నదనుకొనుడు. ఫేజ్ లాక్డ్ లూప్ అను వలయము దానిని 50 రెట్లు చేసి, ప్రాసెసరునకు 120 కోట్లు ఇచ్చును. సీరియల్ పోర్టునకు అంత వేగమక్కరలేదు. దానినే 25చే భాగించిన 4 కోట్ల 80 లక్షలు చాలును. నడుమ గేట్లు కలవు. పనిలేని శాఖకు గేటు మూసి విద్యుత్తును పొదుపు చేయుదురు.

ఆర్మ్ జాతి చిప్పులకు ఈ వంశవృక్షమును పూర్వము లినక్స్ ప్రోగ్రాములోనే, ఎవరి పద్ధతిలో వారు వ్రాసెడివారు. అందుచే ఒక చిప్పుకై కట్టిన కెర్నెల్ మరియొక దానిపై నడువకుండెను. పెరిగిన ఈ కుప్పను చూచి 2011 మార్చిలో లైనస్ టోర్వాల్డ్స్ బహిరంగముగనే కోపించెను. కోపము న్యాయమైనదే.

మందు మాత్రము పాతది. యంత్రము తన అవయవముల పట్టికను తానే చెప్పవలెనను భావము సన్ మైక్రోసిస్టమ్స్ యంత్రములలో పుట్టి, 1994లో ఐ.ఇ.ఇ.ఇ. 1275 ప్రమాణమైనది. 2005లో పవర్‌పిసి లినక్స్ వారు దానిని చిన్న ఫైలుగా కుదించిరి. అదే డివైస్ ట్రీ. ఆర్మ్ వారు దానిని అరువు తెచ్చుకొనిరి. 2012లో మైక్ టర్కెట్ రచించిన ఉమ్మడి గడియార వ్యవస్థ లినక్స్ 3.4లో చేరెను, గడియారములను డివైస్ ట్రీలో వర్ణించు మార్గము కూడ ఆ సంవత్సరమే వచ్చెను.

వర్ణన సులభము. స్ఫటికమునకు 'ఫిక్స్‌డ్-క్లాక్' అని జాతిపేరు, ఎదుట 24000000 అను సంఖ్య. ఒకే గడియారమిచ్చు దాతకు 'క్లాక్-సెల్స్' 0. అనేకములిచ్చు దాతకు 1, అనగా పుచ్చుకొనువాడు ఎన్నవది కావలెనో చెప్పవలెను. సీరియల్ పోర్టు తన 'క్లాక్స్' వరుసలో దాత పేరును, ఆ సంఖ్యను వ్రాసికొనును. ప్రతి గేటును విడిగా వర్ణింపవలెనా, అన్నిటికి కలిపి ఒకే దాతను చూపవలెనా అను వాదము కొంతకాలము నడచెను. రెండవదే మేలని నా అభిప్రాయము. వందల గేట్లను చేతితో వ్రాయువాడు ఎక్కడనో తప్పక పొరబడును.

పొరబడినచో ఏమగును? స్ఫటికము నిజముగ 26 మెగాహెర్ట్‌జులది, పట్టికలో 24 అని వ్రాసితిరనుకొనుడు. సీరియల్ పోర్టు వేగము 8 శాతము మించి, తెరపై అక్షరములకు బదులు పిచ్చి గుర్తులు కనబడును. మరచుట ఇంకను చిత్రము. లినక్స్ మేల్కొనుట ముగియునప్పుడు, ఎవరును అడుగని గేట్లను మూసివేయును. బూట్‌లోడరు వెలిగించిన తెర తన గడియారమును పట్టికలో అడుగకున్నచో, అంతవరకు చక్కగ వెలిగినది ఆ క్షణముననే ఆరిపోవును. విద్యార్థి తెరను విప్పి తీగలు వెదకుచుండును. తప్పు మాత్రము పట్టికలో లేని ఒక్క పంక్తిది.