టింగ్ టింగ్ ఆగిపోయిందని సంతోషపడకండి

ఈ ఎపిసోడ్ రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దగా ఉండే ఒక స్పీకర్ గురించి. నవ్వకండి, దాని వెనక యాభై ఏళ్ళ గొడవ ఉంది.

పోయిన నెల మా నాన్నగారు ఫోన్ చేసి, "ఒరేయ్, కారు మళ్ళీ స్టార్ట్ కావట్లేదురా" అన్నారు. పదిహేను రోజుల్లో ఇది రెండోసారి. బ్యాటరీ చూస్తే కొత్తదే. వెళ్ళి చూశాను, హెడ్‌లైట్ల స్విచ్ ఆన్‌లోనే ఉంది. రాత్రంతా వెలిగి బ్యాటరీని పీల్చేశాయి. లైట్లు ఆపకుండా డోర్ తీస్తే ఆ కారు టింగ్ టింగ్ అని మోగాలి. "మోగలేదా నాన్నా?" అంటే, "అది మోగక నాలుగు నెలలైంది, ప్రాణానికి హాయిగా ఉంది" అన్నారు. అప్పుడు గమనించాను, ఆయన సీటు బెల్టు కూడా మానేశారు. గుర్తుచేసేది లేదు కదా మరి!

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది ఎర్రర్ చూపించే ప్రోగ్రామ్ కాదు, ఏమీ చెప్పకుండా చచ్చిపోయే ప్రోగ్రామ్. ఈ స్పీకర్‌ది అదే కథ. అంతా బాగుంటే నిశ్శబ్దం. స్పీకర్ పోయినా నిశ్శబ్దమే. తేడా ఎలా తెలుస్తుంది?

అసలు కారుకి ఈ గొంతు ఎందుకొచ్చిందో చూద్దాం. 1960లలో అమెరికాలో కార్లకి సీటు బెల్టులు వచ్చాయి, కానీ పెట్టుకునేవాళ్ళు తక్కువ. అందుకని 1972లో బజర్ మోగించడం మొదలుపెట్టారు. అది ఇప్పటిలా తియ్యగా ఉండేది కాదు, బర్ర్‌మని చెవి కోసేది. జనం ఏం చేశారు? వైరు పీకేశారు, లేదంటే బెల్టుని ముందే పెట్టేసి దాని మీద కూర్చున్నారు.

ప్రభుత్వం ఇంకో మెట్టు ఎక్కింది. 1974 మోడల్ కార్లలో ఇంటర్‌లాక్ పెట్టించింది. ముందు సీట్లో ఉన్నవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే ఇంజిన్ స్టార్టే కాదు. సీటు కింద బరువుని పసిగట్టే సెన్సర్ ఉండేది. దానికి మనిషెవరో కూరగాయల సంచి ఏదో తెలీదు. పక్క సీట్లో సరుకులు పెడితే కారు కదలదు. జనానికి ఎంత ఒళ్ళు మండిందంటే, అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికా పార్లమెంటు చట్టం చేసి ఇంటర్‌లాక్‌ని తీయించేసింది. పైగా ఇంజిన్ ఆన్ చేశాక 8 సెకన్లకు మించి బజర్ మోగాలని ప్రభుత్వం ఏ కంపెనీనీ బలవంతపెట్టకూడదని అదే చట్టంలో రాసింది. ఆ 8 సెకన్ల కట్టడి తొలగింది 2012లో. అంటే దాదాపు 38 ఏళ్ళు!

ఆ రోజుల్లోనే జపాన్‌ది ఇంకో దారి. అక్కడి కార్లలో వేగం గంటకు సుమారు 100 కిలోమీటర్లు దాటితే "కిన్ కోన్" అని గంట మోగేది. చాలా కార్లలో అది నిజం గంటే, లోపల చిన్న సుత్తి లోహపు పలకని కొట్టేది. 1986లో ఆ నిబంధన ఎత్తేశారు. ఒకే లయలో మోగే ఆ శబ్దానికి డ్రైవర్లకి నిద్ర ముంచుకొచ్చేదని కూడా ఒక కారణం చెబుతారు. లేపాల్సిన గంటే జోల పాడిందన్నమాట!

తర్వాత మాట్లాడే కార్లొచ్చాయి. 1981 డాట్సన్ 810 మాక్సిమాలో బుల్లి గ్రామఫోన్ రికార్డు తిరుగుతూ లైట్లు వెలుగుతున్నాయని ఆడగొంతుతో చెప్పేది. 1983కల్లా క్రైస్లర్ చిప్‌తో మాట్లాడించింది. కొన్నాళ్ళు ముచ్చటపడి, తర్వాత జనం దాని నోరూ నొక్కేశారు.

మన దగ్గరికొద్దాం. 2019 జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లకి ముందు సీట్ల బెల్ట్ రిమైండర్, 80 దాటితే బీప్, 120 దాటితే ఆగకుండా మోగే స్పీడ్ అలర్ట్ తప్పనిసరి. మనమేం చేశాం? బెల్టు లేకుండానే బకిల్‌లో దూర్చే క్లిప్పులు కొన్నాం. 2022 సెప్టెంబర్‌లో సైరస్ మిస్త్రీ ప్రమాదంలో చనిపోయారు. వెనక సీట్లో ఉన్న ఆయన బెల్టు పెట్టుకోలేదు. మరుసటి ఏడాది కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆ క్లిప్పుల్ని అమ్మకం నుంచి తీసేయమని ఆన్‌లైన్ షాపుల్ని ఆదేశించింది. 1972లో అమెరికా వాడు బెల్టు మీద కూర్చున్నాడు, 2022లో మనం క్లిప్పు పెట్టుకున్నాం. టెక్నాలజీ మారింది, మనిషి మారలేదు.

సరే, నాన్నగారి కారు. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఆగాను. స్పీడోమీటర్ ఉండే క్లస్టర్ విప్పితే బోర్డు మీద ఆ స్పీకర్ కనిపించింది. రెండు కాళ్ళకీ మల్టీమీటర్ పెట్టాను. దాని మీద 8 ఓమ్స్ అని రాసుంది, మీటర్ మాత్రం ఏమీ చూపించలేదు. అంటే లోపల కాయిల్ తెగింది. గోడ గడియారంలో వేసే సెల్ తగిలించి చూశాను, బాగున్న స్పీకరైతే "టక్" అంటుంది. ఉలుకూ పలుకూ లేదు.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి అదే సైజు, అదే 8 ఓమ్స్ ఉన్నది తెచ్చాను. ఇక్కడ జాగ్రత్త. చూడ్డానికి అలాగే ఉండే బజర్ అంటగడతారు. బజర్‌కి కరెంటిస్తే తనంతట తానే కూస్తుంది. స్పీకర్ అలా కాదు, బోర్డు పంపే శబ్దాన్నే వినిపిస్తుంది. ఒకదాని బదులు ఇంకోటి పనిచెయ్యదు. సోల్డరింగ్ రాకపోతే టీవీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి, పెద్ద పనేం కాదు.

అన్నీ బిగించి, లైట్లు వేసి, డోర్ తీశాను. టింగ్, టింగ్. పక్కనే నిలబడ్డ నాన్నగారు "మళ్ళీ మొదలైందా" అని విసుక్కున్నారు. విసుక్కుంటూనే సీట్లో కూర్చుని బెల్టు లాగారు. నాకు కావలసింది అంతే.

మీ కారు పాతదైతే ఈ సాయంత్రం ఒక్క పని చెయ్యండి. ఇంజిన్ ఆపి, లైట్లు వదిలేసి, డోర్ తీసి వినండి. మీ మోడల్‌లో మోగాల్సింది ఉండీ మోగకపోతే, అది హాయి కాదండీ, రిపేరు. మళ్ళీ కలుద్దాం.