బ్రోచ్ వెనకవైపు చరిత్ర

భుజం దగ్గర వస్త్రం జారిపోకుండా పట్టి ఉంచే బ్రోచ్‌కు రెండు ముఖాలు. ముందువైపు నలుగురూ చూడటానికి: వెండి మీద బంగారు పూత, ఎర్రటి గార్నెట్ రాళ్లు, మెలికలు తిరిగిన జంతువుల బొమ్మలు. వెనకవైపు సూది, దాన్ని పట్టుకునే కొక్కెం. బ్రోచ్‌ల మీద జర్మానిక్ ప్రజలు తమ పాత లిపి అక్షరాలైన రూన్‌లను ఎక్కువగా గీసింది ఈ వెనకవైపే. పెట్టుకున్నాక ఎవరి కంటా పడని చోట రాత దేనికి? కాలాన్ని బట్టి ఈ ప్రశ్నకు జవాబు మారుతూ వచ్చింది.

ఉత్తర జర్మనీలోని మెల్డోర్ఫ్‌లో దొరికిన కంచు బ్రోచ్ క్రీ.శ. 50 ప్రాంతానిది. దాని మీది నాలుగు గుర్తులు రూన్‌లా, రోమన్ అక్షరాలా అన్న వాదన ఇంకా తెగలేదు. సందేహం లేని రాతలు క్రీ.శ. 200 నాటికి డెన్మార్క్‌లో కనిపిస్తాయి. స్త్రీల సమాధుల్లో దొరికిన గులాబీ ఆకారపు వెండి బ్రోచ్‌ల మీద ఒకటి రెండు మాటలే ఉంటాయి. నోవ్లింగ్ బ్రోచ్ మీద ‘బిదవరిజజ్ చెక్కాడు’ అని, ఉద్బీ బ్రోచ్ మీద ‘లామో చెక్కాడు’ అని ఉంది. అక్షరం తెలిసినవారు అరుదైన ఆ రోజుల్లో, చెక్కగలగడమే చాటుకోదగ్గ విద్య.

6వ శతాబ్దంలో ఈ రాతలు దక్షిణ జర్మనీలో గుంపుగా కనిపిస్తాయి. ఇక్కడ గొంతు మారింది. నగ తయారయ్యాక, చాలాసార్లు కంసాలి కాని చెయ్యి, కొనదేలిన పనిముట్టుతో సన్నగా గీసిన గీతలివి. ఫ్రైలౌబర్స్‌హైమ్ బ్రోచ్ మీద ‘బోసో రూన్‌లు రాశాడు, దాథీనా నిన్ను పలకరించింది’ అని ఉంది. ‘నిన్ను’ అన్న ఆ ఒక్క మాటతో నగ ఉత్తరమైపోయింది. హంగరీలోని బెజెన్యెలో దొరికిన లంగోబార్డు అనే జర్మానిక్ తెగవారి జంట బ్రోచ్‌లలో ఒకదాని మీద గోదహిద్ పేరుతో సంతోషం, రెండోదాని మీద అర్సిబోద పేరుతో దీవెన ఉన్నాయి. ఏ రాజుల చరిత్రలోనూ చోటు దక్కని ఆడవాళ్ల పేర్లు ఈ రేకుల వెనక బతికాయి.

దేవుళ్లు కూడా అక్కడే ఉన్నారు. ఆగ్స్‌బర్గ్ దగ్గరి నార్డెన్‌డార్ఫ్‌లో 1843లో బయటపడిన బ్రోచ్ మీద లోగథోరె, వోదన్, విగిథోనర్ అన్న మూడు పేర్లూ, వాటితోపాటు అవ, లేవుబ్విని అన్న మనుషుల పేర్లూ ఉన్నాయి. ఇది పాత దేవతలకు మొక్కు అని కొందరంటే, లోగథోరె అంటే మాయగాడని అర్థం చెప్పి, క్రైస్తవంలోకి వచ్చినవారు పాత దేవతలను తిరస్కరించిన మాట అని మరికొందరంటారు. రెండు మతాల నడుమ నిలబడ్డ తరం ఆ కొద్ది అక్షరాల్లో ఉంది. చర్చి, లాటిన్ బలపడి, చనిపోయినవారితో నగలు పాతిపెట్టే ఆచారం సన్నగిల్లే కొద్దీ, 7వ శతాబ్దంలో దక్షిణాన ఈ రాతలు ఆగిపోయాయి.

ఇంగ్లండ్‌లో మాత్రం అదే 7వ శతాబ్దంలో నారిచ్ దగ్గరి హార్ఫర్డ్ ఫామ్ సమాధిలో ఉంచిన బ్రోచ్ వెనక ‘లూద ఈ బ్రోచ్‌ను బాగుచేశాడు’ అని రాసి ఉంది. విరిగినా పారేయక అతికించి పెట్టుకున్న నగ అది.

స్కాట్లండ్‌లో దొరికిన హంటర్‌స్టన్ బ్రోచ్ దగ్గరికి వచ్చేసరికి ఈ రాత హక్కుపత్రమైంది. క్రీ.శ. 700 ప్రాంతంలో తయారైన ఆ నగ వెనక, 10వ శతాబ్దంలో ఒకరు స్కాండినేవియన్ రూన్‌లతో ‘ఈ బ్రోచ్ మెల్‌బ్రిగ్ద సొంతం’ అని గీశారు. పేరు గేలిక్, లిపి వైకింగులది. ఆ రెండు జాతులు ఒకే కప్పు కింద కలిసి బతికిన సంగతి, మెరిసే ముందువైపు చెప్పదు. తిప్పి చూడాలి.