డిస్కు ఎవరి మాట వింటుంది?

లాప్‌టాప్ పోతే హార్డ్ డిస్క్ విప్పి ఇంకోదాంట్లో పెట్టుకోవచ్చు కదా అని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తుంటారు. ఈ సౌకర్యం మొదట్నుంచీ ఉన్నదేం కాదండీ.

1980లో సీగేట్ ఎస్‌టీ-506 వచ్చింది. 5 మెగాబైట్లు. అందులో ఉన్నది తిరిగే పళ్ళేలూ, కదిలే హెడ్డూ, అంతే. బిట్లు ఎలా రాయాలో తేల్చేది కంప్యూటర్లోని కంట్రోలర్ కార్డు. డిస్కుని వేరేరకం కార్డున్న మెషీన్‌కి తగిలిస్తే చాలాసార్లు ఒక్క ఫైలూ చదవలేకపోయేది, మళ్ళీ ఫార్మాట్ కొట్టాల్సిందే! 1986లో కాంపాక్, వెస్టర్న్ డిజిటల్ కలిసి ఆ కంట్రోలర్‌ని డిస్కు మీదకే ఎక్కించేశాయి. అదే ఐడీఈ. ఇక కంప్యూటర్ ఫలానా బ్లాకు ఇమ్మని అడిగితే చాలు, మిగతా తంటా డిస్కుదే. లాప్‌టాప్ డిస్కులకి 44 పిన్నులు, 2003లో సాటా వచ్చాక అదీ పోయింది, డెస్క్‌టాప్‌కీ దీనికీ ఒకటే కనెక్టర్. (మార్చాక విండోస్ 7బీ నీలితెర చూపించడం వేరే కథ లెండి. బూట్ కాకపోయినా ఫైళ్ళు మాత్రం భద్రం.)

ఇప్పుడు బండి వెనక్కి నడుస్తోంది. 2016 టచ్‌బార్ మాక్‌బుక్ ప్రోలో స్టోరేజీ బోర్డుకే అతికించేశారు. బిట్‌లాకర్ ఉంటే తాళం టీపీఎం చిప్ దగ్గరుంటుంది. డిస్కు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. దొంగల మాటెత్తితే ఇది న్యాయమే, కాదనను. కానీ ఆ కీ ఎక్కడుందో మనలో ఎందరికి తెలుసు?

మొన్న అన్నయ్య కొత్త లాప్‌టాప్ కొంటే ముందు ఆ అంకెలు కాగితం మీద రాయించి, బీరువాలో పెట్టించాను.